క్లారా ఎంచిన కుక్కపిల్ల

క్లారా ముందు రంగు మాట ఎత్తకూడదని మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో ఉండే తెలుగువాళ్లందరికీ తెలుసు. తెలియనివాళ్లు ఒకసారి ఎత్తి తెలుసుకునేవాళ్లు. ఒక ఆదివారం చర్చి అయ్యాక భోజనాల దగ్గర రాజారావు అంకుల్ ఎవరికో సంబంధం చెబుతూ, "పిల్ల అన్నివిధాలా బంగారం, కాకపోతే కాస్త రంగు తక్కువ" అన్నాడు. ఆ పిల్ల ఎవరో క్లారాకి తెలియదు. అయినా పెరుగు గరిటె చేత్తో పట్టుకుని అలాగే ఆయన ముందు నిలబడి, "అంకుల్, మీరు అద్దం చూసుకుని ఎన్నేళ్లయింది?" అని అడిగింది. పాపం ఆయన ఆ పూట పెరుగన్నం తినకుండానే లేచాడు.

అప్పటికి నేను వాళ్లింట్లో వెనకగది అద్దెకి తీసుకుని ఉంటున్నాను. మాది హనుమకొండ. చదువుకోవడానికి మెల్‌బోర్న్ వచ్చి, ఉండడానికి చోటు దొరక్క తిరుగుతుంటే క్లారా వాళ్లమ్మ సువర్ణకుమారి ఆంటీ చేరదీసింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. బాపట్ల నుంచి ఆమె ఉద్యోగం మీదే ఆ కుటుంబం ఆస్ట్రేలియా వచ్చింది, క్లారా చిన్నపిల్లగా ఉన్నప్పుడు. ఇప్పుడు క్లారా డార్విన్‌లో పశువుల డాక్టరు. నేను చెబుతున్నది ఆమె ఇంకా యూనివర్సిటీలో పశువైద్యం చదువుతున్న రోజుల సంగతి. "మనుషుల డాక్టరువి అవ్వవే అంటే గొడ్ల డాక్టరునవుతానంది" అని ఆంటీ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది, సగం విసుగు, సగం గర్వం.

క్లారా నలుపు. చామనఛాయ అని మర్యాదకి అనొచ్చు గానీ, అలా అన్నా ఊరుకునేది కాదు. "నలుపు అనడానికి నోరు రాదా సింధూ? బూతు మాటేం కాదుగా" అనేది. ఆంటీ మాత్రం దబ్బపండు ఛాయ. కూతురంటే ప్రాణమే, కానీ ఆ ప్రాణానికి ఒక దిగులుండేది. "అంతా నాన్న పోలికే వచ్చింది, ఏం చేస్తాం" అని నిట్టూర్చి సెనగపిండి కలిపేది. "మా ఇంట్లో సెనగపిండి బజ్జీలకన్నా నా మొహానికే ఎక్కువ అయిపోయింది" అని క్లారా నవ్వేది. అదే క్లారా క్లాసులో ఉన్న తెల్లపిల్లలేమో ఎండాకాలం వస్తే చాలు, నూనె రాసుకుని బీచిలో పడుకుని నల్లబడాలని తంటాలు పడేవాళ్లు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

వాళ్ల నాన్న ఫ్రాంక్లిన్ గారు సిటీ బస్సు నడిపేవారు. క్లారా కన్నా ఆయన ఇంకో పాలు నలుపు. చాలా తక్కువ మాట్లాడేవారు, చాలా ఎక్కువ నవ్వేవారు. చుట్టాల్లో ఎవరైనా ఆయన రంగు మీద జోకేస్తే, జోకేసినవాడి కంటే ముందు ఆయనే నవ్వేవారు. కూతుర్ని ముద్దు చేస్తుంటే "కాకిపిల్ల కాకికి ముద్దు" అని బంధువులు మేలమాడేవాళ్లట, దానికీ నవ్వేవారట. నేనది మంచితనం అనుకునేదాన్ని.

ఆయనకి ఉన్న సరదా ఒక్కటే, బాతుల వేట. కొల్లేటి పక్క పుట్టి పెరిగిన మనిషి, నీళ్లు చూస్తే ఆగలేరు. డిపోలో తోటి డ్రైవర్లు ప్రతి ఏడూ చలికాలం ముందు వేటకి వెళుతుంటే తనూ లైసెన్సు తీసుకుని చేరారు. వాళ్లందరికీ కుక్కలున్నాయి. తుపాకీ పేలగానే నీళ్లలో పడ్డ బాతుని ఈదుకుంటూ పోయి నోట కరిచి తెచ్చి యజమాని చేతికిచ్చే కుక్కలు. ఆయనకి లేదు. తను కొట్టిన బాతు కోసం తనే రొమ్ము లోతు నీళ్లలోకి దిగేవారు. ఎలాగూ దిగాడు కదా అని మిగతావాళ్లు తమవి కూడా తెమ్మనేవాళ్లు. "ఫ్రాంక్లిన్ ఉండగా మనకి కుక్కలెందుకు" అని ఎవరో అంటే అందరూ నవ్వారని, ఒకరోజు ఆయనే అన్నం తింటూ మాకు చెప్పి నవ్వారు.

క్లారా నవ్వలేదు. కంచం ముందునుంచి లేచిపోయి, మళ్లీ వచ్చి కూర్చుంది. "నాన్నా, నీకు మంచి కుక్కని నేను చూస్తా. వాళ్లందరి కుక్కల కన్నా మంచిది. వచ్చే సీజన్‌కో, ఆ పైదానికో, నువ్వు నీళ్లలోకి దిగడానికి వీల్లేదు" అంది.

"నీ ఇష్టం అమ్మా. నువ్వు చూస్తే ఇంక నేను చూడక్కర్లేదు" అన్నారాయన. ఆ ముక్క అన్నప్పుడు ఆయన మొహం చూడాలి. ఆంటీ మాత్రం "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతానంటున్నాడు ఈయన" అని కూర గిన్నె మూత పెట్టేసింది.

ఫ్రాంక్లిన్ గారి డిపోలోనే పనిచేసే ట్రెవర్ అనే ఆయన కబురు తెచ్చాడు. కొలాక్ వైపు ఒక పల్లెలో మావిస్ అనే ముసలావిడ లాబ్రడార్ వేటకుక్కల్ని పెంచుతుంది. తల్లి నల్లది, తండ్రి పసుపుపచ్చది, రెండూ పనిలో గట్టివి. ఆ ఈతలో రెండు పిల్లలే మిగిలాయి, ఒక నల్ల ఆడది, ఒక పసుపు మగది. ముందు మీరు వెళ్లి ఏది కావాలంటే అది తీసుకోండి, మిగిలింది నేను తీసుకుంటా అని ట్రెవర్ పెద్దమనసుతో అన్నాడు.

మేం నలుగురం బయల్దేరాం. మావాళ్లకి కుక్కపిల్లని ఎంచుకోవడం అలవాటు లేదు, పెళ్లిచూపులు అలవాటు. ఆంటీ జార్జెట్ చీర కట్టుకుంది. వట్టి చేతులతో ఎలా వెళతామని ఆపిల్‌పళ్లు, మైసూరుపాకు డబ్బా పట్టుకుంది. మావిస్ వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇస్తే, ఆంటీ నిటారుగా కూర్చుని తల్లి ఏది, తండ్రి ఎక్కడుంటాడు, తండ్రి వైపు వాళ్లకి జబ్బులేమైనా ఉన్నాయా అని వరసగా అడిగింది. పిల్లల్ని తీసుకొచ్చాక, కాస్త నడిపించి చూపించమంది. నేను నవ్వాపుకోలేక టీ కప్పులో మొహం దాచుకున్నాను.

క్లారా మాత్రం పని మీదుంది. మోకాళ్ల మీద గడ్డిలో కూర్చుని, ముడేసిన పాత మేజోడు విసిరింది. రెండూ పరిగెత్తాయి. నల్లది దాన్ని పట్టుకుని తిన్నగా క్లారా దగ్గరికి తెచ్చింది. పసుపుది దారిలో సీతాకోకచిలుక కనపడితే అటు పోయింది. తర్వాత మావిస్ ఒక ఎండిన బాతు రెక్క ఇచ్చింది. నల్లది వాసన చూసి, నోటితో మెత్తగా పట్టుకుని, తలెత్తి నడుచుకుంటూ వచ్చి ఫ్రాంక్లిన్ గారి బూటు మీద పెట్టింది. పెట్టి, అక్కడే కూలబడింది. ఆయన వంగి దాని తల మీద చెయ్యి వేశారు.

ఆఖరున క్లారా దాణా డబ్బా ఇనప మూత తీసుకుని సిమెంటు గచ్చు మీద పడేసింది. ఠంగుమన్న చప్పుడుకి నల్లది ఎగిరిపడి, మరుక్షణం ఏమిటా అని మూత దగ్గరికి పోయి చూసింది. పసుపుది మావిస్ ట్రక్కు కిందకి దూరింది. మైసూరుపాకు ముక్క చూపించినా బయటికి రాలేదు. ఆంటీ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వంగి, "అయ్యో, బెదిరిపోయాడు తండ్రి" అని బుజ్జగించి ఎత్తుకుంది. ఒళ్లోకి రాగానే అది ఆమె గడ్డం నాకింది. నిజంగానే ముద్దుగా ఉంది. వెన్నరంగు ఒళ్లు, గులాబీరంగు పొట్ట.

"క్లారమ్మా, ఇదే తీసుకోవే. ఎంత దొరలా ఉన్నాడో చూడు. నల్లదైతే ఫోటోల్లో కళ్లు తప్ప ఇంకేం కనపడవు" అంది ఆంటీ.

ఏమంటోందని మావిస్ అడిగితే నేను ఇంగ్లీషులో చెప్పాను. రంగు కిటికీ పరదాలకి చూసుకోవాలి గానీ కుక్కకెందుకని ఆవిడ భుజాలెగరేసింది.

ఫ్రాంక్లిన్ గారు నల్లదాని తల మీద చెయ్యి తియ్యకుండానే, "నువ్వే చెప్పమ్మా. నాకేం తెలుసు" అన్నారు.

అప్పుడు క్లారా లేచి నిలబడి, మోకాళ్లకంటిన గడ్డి దులుపుకుని, మాట్లాడ్డం మొదలెట్టింది. పసుపు కుక్కయితే ఎండిన రెల్లులో కలిసిపోతుంది, బాతుల కంటపడదు అంది. నల్ల ఒళ్లు ఎండకి తొందరగా వేడెక్కుతుంది, మన దగ్గర ఎండలు ఎక్కువ కదా అంది. అవన్నీ అబద్ధాలు కావు. కానీ వేట జరిగేది చలిగాలిలో, తెల్లవారగట్ల. ఆ సంగతి మా నలుగురిలో బాగా తెలిసినవాళ్లు ఇద్దరు, ఒకరు చెబుతున్నారు, ఒకరు వింటున్నారు.

ఆయన అంతా విని, నెమ్మదిగా ఒకే ఒక మాట అడిగారు. "రెక్క తెచ్చింది ఇదే కదమ్మా?"

క్లారా తడబడింది. జవాబు లేనప్పుడు మనమందరం చేసే పనే చేసింది, జోకు వేసింది.

"ఇంట్లో ఇప్పటికే ఇద్దరు నల్లవాళ్లం ఉన్నాం. చాలదా నాన్నా? మూడోది కూడానా?"

ఆంటీ పకపకా నవ్వింది. ఫ్రాంక్లిన్ గారు కూడా నవ్వారు. ఈసారి మాత్రం ముందు నవ్వలేదు, ఆంటీ నవ్వాక నవ్వారు. నవ్వి, నల్లదాని మీద నుంచి చెయ్యి తీసి, జేబులో పెట్టుకున్నారు.

తిరుగుదారిలో ఆంటీ ఒళ్లో కుక్కపిల్ల నిద్రపోయింది. దానికి దొర అని పేరు కూడా అప్పుడే పెట్టేసింది. వెనకసీట్లో నేను క్లారా చెవి దగ్గర గొణిగాను. "గట్లెందుకన్నవ్ క్లారా? ఆ నల్లదే మంచిగుండె గదా?"

"జోక్ చేశా, అంతే. యూ డోంట్ అండర్‌స్టాండ్ జెనెటిక్స్" అంది, కిటికీ వైపు తిరిగి.

నిజమే, నాకు తెలియదు. కానీ అదే జన్యుశాస్త్రం పరీక్షకి ఆమె గట్టిగా పైకి చదువుతుంటే పక్కగదిలో విన్నాను. ఒకే తల్లి కడుపున నల్లవీ పసుపువీ పుడతాయి, ఆ రంగుల్ని తెచ్చే జన్యువులకీ కుక్క పనితనానికీ సంబంధం లేదు అని. చదువు పుస్తకంలో ఉంటుంది, మనిషి ఇంట్లో పెరుగుతాడు.

దొర మంచివాడే, అది ముందు చెప్పాలి. ఫ్రాంక్లిన్ గారు వాడితో పడ్డ శ్రమ నేను కళ్లారా చూశాను. డ్యూటీ దిగి యూనిఫాం కూడా మార్చుకోకుండా రోజూ సాయంత్రం చెరువుగట్టుకి తీసుకెళ్లేవారు. కూర్చో అంటే కూర్చునేవాడు, ఆగమంటే ఆగేవాడు. గుడ్డతో చేసిన బొమ్మబాతుని నీళ్లలో విసిరితే ఈదుకుంటూ పోయి తెచ్చేవాడు. ఆయన మురిసిపోయి నాకు ఫోన్లో వీడియో చూపించేవారు. చప్పుడు దగ్గరే వచ్చింది చిక్కు. మా వంటింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేస్తే దొర ఎక్కడున్నా పరుగెత్తి ఆంటీ మంచం కిందకి పోయేవాడు. చివరికి ఆంటీ పప్పు కూడా గిన్నెలో ఉడకబెట్టడం మొదలెట్టింది.

క్లారా యూనివర్సిటీలో చెప్పిన పద్ధతులన్నీ చేసింది. వాడు అన్నం తినేటప్పుడు దూరంగా గిన్నెల మీద మెల్లగా కొట్టడం, రోజురోజుకీ కాస్త దగ్గరికి రావడం, బెదరకపోతే మాంసం ముక్క పెట్టడం. కొన్నాళ్లకి గిన్నెల చప్పుడుకి అలవాటుపడ్డాడు. "చూశావా నాన్నా, హీ ఈజ్ గెటింగ్ దేర్" అనేది. ఆయన తలూపేవారు. ఆమె ఆయన కళ్లలోకి చూసి ఆ మాట అనడం నేనెప్పుడూ చూడలేదు.

దొరకి రెండోయేడు నడుస్తుండగా వేట సీజను తెరిచారు. ట్రెవర్ బావమరిది పొలంలో పెద్ద మడుగుంది, అక్కడికి వెళ్లాం. ఆడవాళ్లం గట్టు మీద వాళ్ల ట్రక్కుల దగ్గర టీ ఫ్లాస్కులతో కూర్చున్నాం. ఆంటీకి డ్యూటీ ఉండి రాలేదు. ఫ్రాంక్లిన్ గారు ఆ రోజు ఎంత సంబరంగా ఉన్నారో చెప్పలేను. రొమ్ము దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకోలేదు. మామూలు బూట్లతో వచ్చారు. "ఇవాళ నేను దిగట్లేదు, మా దొర దిగుతాడు" అని అందరికీ చెప్పారు.

మొదటి తుపాకీ పేలింది. అది ఆయనది కూడా కాదు, అవతలి గట్టున ఎవరిదో. దొర మెడపట్టా తెంచుకుని, ఫ్రాంక్లిన్ గారి చేతిలోంచి తప్పించుకుని, ముళ్లకంచె కింద నుంచి దూరి పొలాలకడ్డంపడి పారిపోయాడు. కంచెకి వాడి వీపు చీరుకుంది. ఆయన తుపాకీ ట్రెవర్‌కి ఇచ్చేసి "దొరా, దొరా" అని కేకలేసుకుంటూ వెనకాల పరుగెత్తారు. క్లారా ఇంకోవైపు నుంచి పరుగెత్తింది. అందరూ వేటలో ఉంటే వాళ్లిద్దరూ పొద్దున్నంతా పొలాల్లో తిరిగారు.

ఈలోపు గట్టు మీద కూర్చుని నేను చూడాల్సింది చూశాను. ట్రెవర్ తెచ్చుకున్న నల్లది, ఆ రోజు మేం వదిలేసిన పిల్లే, ఇప్పుడు నిగనిగలాడే కుక్క. పేరు మిడ్జ్. తుపాకీ పేలితే కదలకుండా కూర్చుని, ట్రెవర్ వెళ్లమన్నాక వెళ్లి, ఒక్క ఈక నలగకుండా బాతుని తెచ్చి చేతిలో పెట్టేది. రంగు వల్ల కాదు సుమా. పక్కనే ఇంకొకాయన కుక్క దొరకి మల్లే పసుపుదే, అదీ అంతే చక్కగా పనిచేసింది. మాకు దొరికిన రెండింటిలో ఏది ఎలాంటిదో ఆ మూత పడ్డ రోజునే తెలిసిపోయింది, అంతే.

దొర చివరికి కొట్టంలో ట్రాక్టరు కింద దొరికాడు. ఫ్రాంక్లిన్ గారు బోర్లాపడుకుని పాకుతూ లోపలికి పోయి వాణ్ని రొమ్ముకి హత్తుకుని బయటికి తెచ్చారు. చొక్కానిండా గ్రీజు, మోచేతుల మీద వాడి నెత్తురు. గట్టు మీదకి వచ్చేసరికి అందరూ వేట ముగించి టీ తాగుతున్నారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, కానీ వేళాకోళం ఆగుతుందా? తుపాకీకి భయపడే వేటకుక్కని ఇంత పరీక్ష చేసి తెచ్చిన మహానుభావుడెవరు ఫ్రాంక్లిన్ అని ఒకాయన అడిగాడు.

క్లారా నా పక్కనే నిలబడి ఉంది, చేతిలో తెగిన మెడపట్టా. నోరు తెరవబోయింది, నేను చూశాను.

ఆయన ఆమె వైపు చూడకుండానే ఇంగ్లీషులో గబగబా చెప్పేశారు. నేనే ఎంచాను, ఇంకెవరు? మా అమ్మాయి నల్లదాన్ని తీసుకోమని ఎంత చెప్పినా నేను వినలేదు, మా వాళ్లకి తెల్లతోలు కనపడితే చాలు, ఇంకేమీ కనపడదు. అలా అని, అందరికంటే ముందు తనే పెద్దగా నవ్వారు. అందరూ నవ్వారు. ట్రెవర్ ఆయన భుజం తట్టి, ఎవరికీ అక్కర్లేని రెండు బాతులు చేతిలో పెట్టాడు. ఆయన థాంక్స్ చెప్పి పుచ్చుకున్నారు.

క్లారా నోరు తెరిచింది కదా, మూసేసింది.

ఇంటికొచ్చాక క్లారా దొర వీపుకి మందు రాసి కట్టుకట్టింది. వాడు ఆమె చెయ్యి నాకుతుంటే ఏడవడం మొదలెట్టింది. నా గదిలోకి వచ్చి తలుపు వేసుకుని నేల మీద కూర్చుంది.

"సిగ్గుతో చచ్చిపోతున్నా సింధూ. రాజారావు అంకుల్‌ని అందరి ముందు ఎంత మాటన్నానూ! పాపం ఆయన నోటితోనే అన్నాడు. నేను చేసి చూపించా. ఆ నల్లది నాన్న బూటు మీద రెక్క పెట్టినప్పుడు నాకు ఏమనిపించిందో తెలుసా? ఇది పెద్దయ్యాక నాన్న పక్కన నిలబడితే ఎలా ఉంటుందో కనపడింది. అందరూ ఏమంటారో వినపడింది. నాకు... నాకు అది వద్దనిపించింది. నాన్న పక్కన ఒక తెల్లది ఉంటే బాగుంటుందనిపించింది."

నేను తువ్వాలు అందించాను. మొహం తుడుచుకుని మళ్లీ అంది.

"క్లాసులో కూడా మొన్న ఇదే వచ్చింది. పనికుక్కని ఎంచేటప్పుడు రంగు చూడాలా అని లెక్చరర్ అడిగాడు. అందరూ నావైపే చూశారు, నేను ఇలాంటివి ముందు చెప్తాను కదా. నేను తల దించుకుని కూర్చున్నా. చెయ్యెత్తడానికి సిగ్గేసింది."

"నాకు జెప్తే ఏమొస్తది? పోయి మీ నాయనకి జెప్పు" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. ఆమెను చూస్తే జాలేసింది, కానీ ఆ గట్టు మీద ఒక మనిషి గ్రీజు చొక్కాతో నిలబడి నవ్విన నవ్వు నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

ఆయన గ్యారేజీలో ముక్కాలిపీట వేసుకుని బాతులకి ఈకలు పీకుతున్నారు. వేణ్ణీళ్ల బకెట్టు, పరిచిన పాత దుప్పటి. ఇద్దరం వెళ్లి చెరోపక్క కూర్చున్నాం. రెండో బాతు క్లారా తీసుకుంది. నేను రాలిన ఈకలు సంచిలోకెత్తుతున్నాను. డ్యూటీ దిగి వచ్చిన ఆంటీ వంటింటి తలుపు దగ్గర బేసినుతో మాంసం కోసం నిలబడి ఉంది.

క్లారా తలొంచుకునే మొదలెట్టింది. "నాన్నా, నల్లదే మంచిదని నాకు ఆ రోజే తెలుసు."

"పోన్లే అమ్మా. దొర మనవాడైపోయాడుగా."

"అది కాదు. నీకు చెప్పిన కారణాలన్నీ ఉత్తవి. అది నల్లగా ఉందని వద్దన్నా. అంతే. ఇంకే కారణం లేదు."

ఆయన చేతులు ఆగలేదు. "నాకు తెలుసు" అన్నారు.

"తెలుసా? మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట అనొచ్చుగా. ఇవాళ అందరి ముందు నేను చేసింది నీ మీద వేసుకున్నావ్. మా వాళ్లకి తెల్లతోలు పిచ్చి అని నువ్వెందుకు అబద్ధం చెప్పాలి నాన్నా? పైగా నవ్వావు. నువ్వలా నవ్వుతుంటే నాకు..."

ఆయన బాతుని ఒళ్లో పెట్టుకున్నారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"అబద్ధం కాదమ్మా" అన్నారు. "నువ్వు బాపట్ల ఆస్పత్రిలో పుట్టినప్పుడు, మీ నాయనమ్మ నిన్ను మెత్తటి పాతచీరలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పుట్టినప్పుడు పిల్లలందరూ ఎర్రగానే ఉంటారు. అసలు రంగు చెవుల దగ్గర తెలుస్తుందంటారు మా వైపు. నేను ముందు చీర పక్కకి తప్పించి నీ చెవి చూశా."

క్లారా తలెత్తింది. "చూసి?"

ఆంటీ తలుపు దగ్గర కదల్లేదు. ఆయన అరచేత్తో మొహం తుడుచుకోబోయి, చేతికి ఈకలున్నాయని ఆగిపోయారు.

"నా పోలికే వచ్చిందని తెలిసిపోయింది. అయ్యో దేవుడా అనుకున్నానమ్మా. పైకి అనలేదు, లోపలే అనుకున్నా. నీ మొహం ఆ తర్వాత చూశా."